పాతకారు బ్రేకులు: బాగుచేయింపవలెనా, మార్పింపవలెనా?



పాతవస్తువును పాఱవేయుట సులభము. మమకారముచేత దానిని ఉన్నదున్నట్లే ఉంచుకొనుట యంతకన్నను సులభము. ఇందులో నిలుపదగినదేది, తొలగింపదగినదేది యని విడదీసి చూచుటయే కష్టము. ఇల్లు దిద్దుకొను స్త్రీకి ఈ వివేకము క్రొత్తది గాదు. బియ్యములో రాళ్ళేఱుట మొదలు, చిరిగిన పట్టుచీరనుండి చెడని జరీయంచును తీసి వేఱొక చీరకు కుట్టుకొనుటవఱకు మనము నిత్యము చేయుచున్న పనియే యిది. ఈ నెల ఆ వివేకమునే పాతకారు బ్రేకుల విషయమున ఉపయోగించి చూతము.

కారు బ్రేకుల మాట స్త్రీల పత్రికలో ఏల యని కొందఱు నవ్వవచ్చును. దశరథుని రథపు టిరుసు శీల యూడిపోగా కైక తన వ్రేలినుంచి రథమును కాపాడెనన్న కథ మనము చిన్ననాటనుండి విన్నదే. రథమెక్కినది గాన రథము సంగతి యామెకు కావలసివచ్చినది. మనమును బిడ్డలను వెంటబెట్టుకొని వెనుకసీటున కూర్చుండువారమే. ఆగవలసినచోట బండి యాగునో లేదో తెలిసికొనుట మనకును కావలసిన విషయమే.

ఒక సోదరి యిటీవల నాకు వ్రాసిన జాబు ఈ వ్యాసమునకు కారణము. వారి యింట మామగారు కొన్న అంబాసిడరు కారు కలదు. ఆయన పోయి రెండేండ్లైనది. అప్పటినుండి కదలక నిలిచియున్న బండిని ఇప్పుడు మరల త్రోవకెక్కింపవలెనని వారి కోరిక. అత్తగారు, "అది ఆయన చేతి బండి, అందులో ఒక్క మేకునైనను మార్పవలదు" అనుచున్నారు. భర్తగారు, "పాతవన్నియు తీసివేసి క్రొత్తవి వేయింతము" అనుచున్నారు. మెకానిక్కు, "ఒక రబ్బరు కిట్టు వేసినచో చాలునమ్మా" అనుచున్నాడు. సంక్రాంతి సెలవులలో పిల్లలతో అరకు పోవలెనని వారి సంకల్పము. "ఈ ముగ్గురిలో ఎవరి మాట వినవలెను?" అని యామె ప్రశ్న.

ముగ్గురి మాటలోను కొంత నిజము కలదు. ఏ యొక్కరి మాటను మొత్తముగా పట్టుకొనినను ప్రమాదమును కలదు. అది యెట్లో తెలియవలెనన్నచో, మొదట ఆ బండి యేమో, దాని బ్రేకు ఎట్లు పనిచేయునో తెలియవలెను.

అంబాసిడరు మన దేశమున పేరుగాంచిన బండియే యైనను దాని మూలము ఇంగ్లండునందలి మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు. కలకత్తాకు చేరువనున్న ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్సువారు 1950 దాటిన తరువాత దానిని చేయ మొదలిడిరి. 2014 మే నెలలో ఆ కర్మాగారము నిలిచిపోయినది. తరువాతి కాలపు అంబాసిడరులలో కొన్నింటికి ముందుచక్రములకు డిస్కు బ్రేకులు వచ్చినవి గాని, పాతవాటికి నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. ఆ కాలపు పెక్కు కార్లకు వలెనే ఆ నాలుగింటికిని ఒకే ద్రవమార్గము. ఈ మాటను గుర్తుంచుకొనుడు. దీనితో మనకు పని కలదు.

బ్రేకు పనిచేయు తీరు కఠినమైనది గాదు. వైద్యుడు సూదిమందు వేయు సిరంజిని తలచుకొనుడు. కాలితో పెడలు నొక్కగానే ఒక కడ్డీ ముందుకు జరిగి, మాస్టరు సిలిండరను ఇనుప గొట్టములోని పిస్టనును త్రోయును. ఆ పిస్టను ముందున్న ద్రవము సన్నని గొట్టములగుండ నాలుగు చక్రములకు ఒత్తిడిని కొనిపోవును. మూసిన పాత్రలోని ద్రవమునకు ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని ప్రక్కలకు సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రెంచి పండితుడు పాస్కల్ నిరూపించిన సూత్రమే దీనికి ఆధారము. చక్రముకడ వీల్ సిలిండరను చిన్న గొట్టము కలదు. అచట ఆ ఒత్తిడి పిస్టనును వెలికి త్రోయగా, అర్ధచంద్రాకారపు బ్రేకు షూలు రెండును విచ్చుకొని, చక్రముతోపాటు తిరుగుచున్న డ్రమ్ము లోపలి గోడకు ఒరయును. ఆ ఒరయుటచేత బండి యాగును.

ద్రవము పిస్టను ప్రక్కనుండి జాఱిపోకుండ ఆపునది యేమి? ఒక చిన్న రబ్బరు కప్పు. అమెరికా దేశమున 1921లో డ్యూసెన్‌బర్గ్ వారి కారునకు నాలుగు చక్రములకును ద్రవపు బ్రేకులు వచ్చినవి. తొలినాళ్ళలో ద్రవము నాపుటకు తోలు కప్పులను వాడిరి, అవి కాఱుచుండెడివి. 1924లో క్రైస్లరు కారు వచ్చునాటికి తోలునకు బదులు రబ్బరు కప్పులను అమర్చి ఆ లోపమును తొలగించిరి. అప్పటినుండి ఇప్పటివఱకు కోట్లకొలది ప్రయాణికుల ప్రాణములు ఈ రబ్బరు కప్పులనే నమ్ముకొనియున్నవి.

ఇక మన ప్రశ్నకు మూలము దొరకినది. బ్రేకులో రెండు జాతుల వస్తువులున్నవి. పోతయినుముతోను ఉక్కుతోను చేసిన దేహము ఒకటి. రబ్బరు, ద్రవము, లైనింగు మొదలైన నశ్వర భాగములు రెండవవి. మన వంటయింటి ప్రెషరు కుక్కరును చూడుడు. పాత్ర ఇరువదియేండ్లు నిలుచును. రబ్బరు చుట్టును మాత్రము ఏడాది కేడాదిన్నరకు మార్చుచునే యుందుము. రబ్బరు పాడైనదని పాత్రను పాఱవేయము. పాత్ర బాగున్నదని పాత రబ్బరుతోనే వండము. పాత్ర అంచు సొట్టపడినచో క్రొత్త రబ్బరు వేసినను ఆవిరి నిలువదని కూడ ఎఱుగుదుము. పాత బ్రేకు విషయమున తెలియవలసిన ధర్మము ఇంతకుమించి లేదు.

మొదటిది రబ్బరు. కప్పులు, దుమ్ముతొడుగులు, చక్రముల కడకు పోవు మెత్తని హోసు గొట్టములు, వీనిని బాగుచేయుట యనునది లేదు, మార్చుటయే. రబ్బరు వాడకమువలననే గాక కాలముచేతను గట్టిపడి పగులును. హోసు గొట్టము మఱింత మాయలాడి. వెలుపల నిగనిగలాడుచునే లోపల ఉబ్బి త్రోవ మూసికొనును. కాలి బలముచేత ద్రవము చక్రమువైపు పోవును గాని, కాలు తీసిన తరువాత వెనుకకు రాదు. అప్పుడు బ్రేకు పట్టుకొనియే యుండి చక్రము కాలిపోవును. ఒక కప్పు చెడినదని తేలినచో దాని యీడు కప్పులన్నియు అదే దారిలో నున్నవని తలచి అన్నింటిని ఒక్కసారి మార్పింపవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. "అసలు కంపెనీవారి పాత నిలువ, ఇంకను పెట్టె విప్పలేదు" అని కొందఱు వర్తకులు చూపుదురు. ఇనుప భాగమైనచో సంతోషముగా కొనవచ్చును. రబ్బరైనచో ఆ మాటయే దోషము. ముప్పదియేండ్లు పెట్టెలోనున్న రబ్బరు ముప్పదియేండ్ల ముసలిదే. పెట్టెమీది పేరునకన్న తయారైన తేదీ ముఖ్యము.

రెండవది సిలిండరు. ఇచ్చటనే మెకానిక్కు మాట పరీక్షకు నిలుచును. సిలిండరును విప్పి, శుభ్రపఱచి, లోపలి గోడను వెలుతురున చూడవలెను. అద్దమువలె నున్నచో క్రొత్త రబ్బరు వేసి నిశ్చింతగా వాడవచ్చును. పైపైని మరక మాత్రమే యున్నచో మెత్తగా మెఱుగు పెట్టింపవచ్చును. కాని కప్పు తిరుగాడుచోట తుప్పు తిన్న గుంటలు, వ్రేలిగోటికి తగులు గీతలు ఉన్నచో క్రొత్త రబ్బరు వేయుట కన్నముల కుండకు క్రొత్త మూత పెట్టుట వంటిది. కొన్ని వారములు నిలిచి మరల కాఱును. పైగా గుంటల అంచులు ఆ క్రొత్త రబ్బరును కోసివేయును. గుంట పోవునంతవఱకు అరగదీసినచో గొట్టము వెడల్పై కప్పు వదులగును. కావున "కిట్టు వేసినచో చాలును" అనునది సిలిండరును విప్పి చూచిన తరువాత చెప్పవలసిన మాట, విప్పకముందు చెప్పరాదు.

గుంటలున్న సిలిండరునకు రెండు మార్గములు. క్రొత్తది కొనుట యొకటి. పాతదానినే లేతుమీద పెద్దదిగా తొలిపించి, లోపల ఇత్తడి గాని తుప్పుపట్టని ఉక్కు గాని తొడుగుగా దించి, మొదటి కొలతకు తెప్పించుట రెండవది. దీనినే స్లీవు వేయుట యందురు. చక్కగా చేసిన స్లీవు మొదటి యినుముకన్నను ఎక్కువకాలము నిలుచును, ఏలయన నీటితేమకు తుప్పుపట్టదు. కాని యిది అందఱికి చేతనైన పని గాదు. మాస్టరు సిలిండరులో సూదిమొనవంటి సన్నని రంధ్రమొకటి కలదు. కాలు తీయగానే మిగిలిన ద్రవము ఆ రంధ్రముగుండ పై తొట్టిలోనికి పోవలెను. స్లీవు వేయువాడు ఆ రంధ్రమును మరల సరియైనచోట తొలిచి, దాని అంచు నున్నగా చేయవలెను. అది మూసికొనిపోయినచో బ్రేకులు వదలక పట్టుకొనును. అంచు గఱుకుగా నున్నచో రబ్బరు తెగును.

ఈ రెండింటిలో ఏది మేలు? ఇది బండియొక్క అరుదుదనముమీద నుండును. అంబాసిడరువంటి బండికి నమ్మకమైన తయారీదారుల క్రొత్త సిలిండరు దొరకి, దాని ధర స్లీవు ఖర్చుకన్న తక్కువైనచో, మంచి కొలతగల క్రొత్తది కొనుటయే గృహిణి లెక్క. విడిభాగములు దొరకని అరుదైన పాతబండికైనచో స్లీవు వేయించుటయే గతి. పేరు తెలియని నాసిరకపు క్రొత్తదానికన్న చక్కగా బాగుచేసిన పాతదే మేలు. "క్రొత్తది" అను మాటలో గుణమేదియు లేదు. కొలత, లోహము, చేతిపని, ఇవియే గుణములు. భర్తగారి మాటలో సవరింపవలసినది ఇదియే.

మూడవది డ్రమ్ము. దాని లోపలి గోడపై కొద్ది గాడులున్నచో లేతుమీద చెక్కించి నున్నగా చేయింపవచ్చును. కాని చెక్కిన ప్రతిసారియు డ్రమ్ము పలుచనై వేడిని ఓర్చు శక్తి తగ్గును. దానికి మించరాని కొలత కలదు; అది దాటినచో మార్పింపవలసినదే. పగులు పట్టిన డ్రమ్మును వెల్డింగు చేయించి వాడుట ప్రాణములతో ఆడుట. ఒకే ఇరుసున కుడిచక్రమునకు చేసినదెల్ల ఎడమచక్రమునకును చేయవలెను. లేనిచో బ్రేకు వేసినప్పుడు బండి ఒకప్రక్కకు లాగును.

నాలుగవది షూ. ఉక్కు షూ వంగక యున్నచో దానిని నిలుపుకొని, అరిగిన లైనింగును తీసి క్రొత్తది రివెట్లతో గాని జిగురుతో గాని వేయింపవచ్చును. ఇది మన ఊళ్ళలో అనాదిగా జరుగుచున్న పనియే. అయితే బ్రేకు ద్రవముతోగాని ఇరుసు గ్రీసుతోగాని తడిసిన లైనింగును ఎంత కడిగినను లాభము లేదు. నూనె మరిగిన పచ్చడిజాడీ మూతవలె అది లోపలికి పీల్చుకొనియుండును. వేడి తగులగానే ఆ నూనె పైకి వచ్చి బ్రేకు జాఱును.

ఐదవది ఉక్కు గొట్టములు. పొడవునా శుభ్రముగా నున్నవి నిలువవచ్చును. తుప్పుతో పొక్కినవి మార్పవలెను. రాగి, నికెలు కలిసిన మిశ్రమలోహపు గొట్టములు తుప్పుపట్టక మన్నును. ఉత్త రాగిగొట్టము మాత్రము అదురునకు పగులును గాన పనికిరాదు.

ఆఱవది ద్రవము. మెకానిక్కులు దీనిని బ్రేకు ఆయిలందురు గాని యిది నూనె గాదు. సాధారణముగ వాడు డాట్ 3, డాట్ 4 ద్రవములు గ్లైకాల్ జాతివి. వానకాలమున ఉప్పు చెమర్చినట్లు ఇవి గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరినకొలది రెండు హానులు కలుగును. ఒకటి, లోపల తుప్పు. రెండు, మఱుగు వేడిమి పడిపోవుట. డాట్ 3 ద్రవమునకు క్రొత్తదిగా నున్నప్పుడు మఱుగుటకు కనీసము 205 సెంటిగ్రేడు డిగ్రీలు కావలెనని నియమము. తేమ చేరిన పిమ్మట కనీసపు నియమము 140 డిగ్రీలే. డాట్ 4 ద్రవమునకు ఇవి 230, 155. ద్రవము మఱిగినచో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నలగదు గాని ఆవిరి నలగును. అప్పుడు పెడలు ఉత్తదిగా నేలకు దిగిపోవును, బండి యాగదు. కావున రెండేండ్ల కొకసారి ద్రవమునంతయు మార్పించుట మంచిది. విప్పిన డబ్బాను ఏండ్లతరబడి దాచి మరల పోయరాదు. సిలికాను జాతి డాట్ 5 ద్రవమును గ్లైకాల్ జాతితో కలుపరాదు. ఇంజను ఆయిలు, కిరసనాయిలు, పెట్రోలు చుక్కయైనను బ్రేకులో పడరాదు. రబ్బరు కప్పులు ఉబ్బి నాశనమగును. కడుగుటకు బ్రేకు ద్రవమునే గాని స్పిరిటును గాని వాడవలెను.

ఈ ద్రవము విషము. దానిని నీళ్ళసీసాలోను, కొబ్బరినూనె సీసాలోను పోసి ఇంట నుంచరాదు. పిల్లల చేతికందని చోట దాని డబ్బాలోనే యుంచవలెను. కారు రంగుపై ఒలికినచో రంగును తినివేయును గాన వెంటనే నీటితో కడుగవలెను.

ఘాటు త్రోవ మాట యేల చెప్పుచున్నానో యిప్పుడు తెలియును. అరకులోయ సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున నున్నది. అచటినుండి అనంతగిరి మీదుగ శృంగవరపుకోటకు దిగు త్రోవ మలుపులమయము. మనుష్యులతో కూడి ఒకటిన్నర టన్ను బరువుగల కారు 700 మీటర్ల నిలువెత్తు దిగినచో, ఆ దిగుటలో పుట్టు శక్తి ముప్పది లీటర్ల చన్నీటిని కాచి మఱిగింపగలంత వేడికి సమానము. రెండు పెద్ద బిందెల నీరనుకొనుడు. అందులో కొంత ఇంజను, కొంత గాలి భరించును. మిగిలినదంతయు ఆ నాలుగు డ్రమ్ములే భరింపవలెను. అందుచేత దిగునప్పుడు క్రింది గేరులో దిగి, ఇంజను బిగువుచేత బండిని పట్టవలెను గాని, కొండ పొడవునా బ్రేకుమీద కాలుంచి దిగరాదు. ఊళ్ళో నాలుగు వీథులు తిరిగి "బ్రేకు బాగున్నది" అనుకొన్న బండి కొండమీద మోసగించుటకు కారణమిదే.

ముందు గుర్తుంచుకొనుడంటిని గదా, ఒకే ద్రవమార్గమని. నేటి కార్లలో ద్రవమార్గములు రెండుండును. ఒకటి తెగినను రెండవది కొంతయైనను ఆపును. పాత బండిలో ఒక్క రబ్బరు కప్పు చినిగినను, ఒక్క హోసు పగిలినను నాలుగు చక్రముల బ్రేకులు ఒక్కసారి పోవును. మిగులునది చేతిబ్రేకు ఒక్కటియే. అందుచేత పాత బండికి ద్రవపు బ్రేకు బాగుచేయించుచు చేతిబ్రేకును ఉపేక్షించుట తగదు. దాని తీగ, కడ్డీ, పట్టు సరిగానున్నవో లేదో అదే దినమున చూపవలెను.

ఇక అత్తగారి మాట. అది వట్టి చాదస్తమని నేననను. ఒక మనిషి చేయి పట్టిన వస్తువులో ఆ మనిషి కొంత మిగిలియున్నట్లు తోచుట సహజము. కాని దేవాలయ జీర్ణోద్ధారణమున మన పెద్దల మర్యాద చూడుడు. నిలిచిన గోడను, స్తంభమును నిలుపుదురు. పుచ్చిన దూలమును మార్చుదురు. భిన్నమైన విగ్రహమును ఎంత ప్రియమైనదైనను పూజలో నుంచరు. అంతమాత్రమున ఆ గుడి వేఱు గుడి కాదు. హైదరాబాదు చౌమహల్లా భవనమున నిజాముల నాటి పసుపుపచ్చని రోల్సురాయిసు కారు కలదు. చూడవచ్చినవారి కొఱకు నిలిపిన బండి యది. మనుమలను ఎక్కించుకొని కొండ దిగు బండి వేఱు. ఏబదియేండ్లు దాటిన బండ్లకు మన కేంద్రప్రభుత్వము 2021లో ప్రాచీన వాహనములని ప్రత్యేక నియమములు చేసినది. అందులో సైతము మూలరూపము చెడరాదని చెప్పినప్పుడు చట్రము, దేహము, ఇంజను గూర్చి చెప్పినారు గాని, చివికిన రబ్బరును కాపాడుమనలేదు.

ఆ యత్తగారితో వాదింపవలదని నా మనవి. విప్పిన సిలిండరును ఆమె ముందుంచి, లోపలి గుంటలను కంట చూపుడు. మామగారి బండి దేహము, షూల ఉక్కు, డ్రమ్ములు నిలువదగినవన్నియు నిలుచునని చెప్పుడు. స్లీవుతో బాగుపడు సిలిండరైనచో, కొంత ఖర్చెక్కువైనను ఆమె తృప్తికొఱకు దానినే నిలుపుట తప్పుగాదు. ఇచ్చట క్షేమమునకు లోపము లేదు గాన మనసునకు చోటియ్యవచ్చును. రబ్బరుకడ మాత్రము ఇయ్యరాదు.

బాగుచేయుటయా, మార్చుటయా యను తర్కమునకు ముందు మఱియొక మాట కలదు. కొన్ని సమయములలో రెండును అక్కఱలేదు. లైనింగు అరిగినకొలది షూలకును డ్రమ్మునకును నడుమ ఎడము పెరిగి పెడలు లోతుకు దిగును. వెనుకనున్న చిన్న మరను బిగించి ఆ యెడమును సరిచేసిన చాలును. కావున లక్షణమును చూచి రోగము తెలిసికొనవలెను. పెడలు మెత్తగా, నొక్కినకొలది ఎగురుచున్నచో గొట్టములలో గాలి చేరినది. ఒక నిమిషము ఒకే బలముతో నొక్కిపట్టగా మెల్లమెల్లగ క్రిందికి దిగుచున్నచో ఎక్కడనో కాఱుచున్నది, లేదా మాస్టరు సిలిండరు కప్పు చెడినది. బండి ఒకప్రక్కకు లాగినచో ఆ యిరుసున రెండు చక్రములు సమానముగా పట్టుటలేదు. కొద్దిదూరము పోయి దిగినప్పుడు ఒక చక్రము కడ మాత్రమే మిక్కిలి వేడి కొట్టినచో అచట బ్రేకు వదలుటలేదు. తొట్టిలో ద్రవము తగ్గుచున్నచో పోయుచు కూర్చుండరాదు. అది పోవుచున్నచోటు వెదకవలెను. ఇవన్నియు స్త్రీలును కనిపెట్టదగినవే.

మఱియొక సంగతి మన బట్టల తొట్టికి సంబంధించినది. పాత లైనింగులలో ఆస్బెస్టాసు అను రాతినార కలిసియుండుట సామాన్యము. దాని దుమ్ము ఊపిరితిత్తులలో చేరి, పెక్కేండ్ల తరువాత ప్రాణాంతక వ్యాధులు కలిగించును. పనివారికే గాక వారి యిండ్ల స్త్రీలకును ఈ ముప్పు కలదు. 1965లో లండనున ప్రకటింపబడిన వైద్యపరిశోధనలో, ఆ నారతో తామెన్నడు పని చేయకున్నను, పనిచేసి వచ్చినవారి దుమ్ముబట్టలు ఉతికిన స్త్రీలకు సైతము ఆ పుట్టకుఱుపు వ్యాధి వచ్చినట్లు తేలినది. కాబట్టి డ్రమ్ము విప్పినప్పుడు ఆ దుమ్మును నోటితోగాని గాలిగొట్టముతోగాని ఊదరాదు, పొడిచీపురుతో ఊడ్వరాదు. నీటితో తడిపి తడిగుడ్డతో తీసి, ఆ గుడ్డను సంచిలో కట్టి పాఱవేయవలెను. పిల్లలను దగ్గఱకు రానీయరాదు. ఆ పని చేసినవారి బట్టలను దులుపక, విడిగా తడిపి ఉతుకవలెను. క్రొత్త లైనింగు కొనునప్పుడు ఆస్బెస్టాసు లేనిదని పెట్టెమీద చూచి కొనవలెను.

షెడ్డునకు బండి నిచ్చునప్పుడు మీరే కొన్ని మాటలు అడుగుడు. సిలిండరులను విప్పి లోపలి గోడ చూపింతువా? రబ్బరు తయారైన తేదీ ఏది? హోసులన్నియు మార్చుచున్నావా? ఇరుసున రెండుప్రక్కల ఒకే రకము లైనింగు వేయుచున్నావా? ఏ ద్రవము పోయుచున్నావు, అది విప్పని డబ్బాయేనా? తీసిన పాత భాగములను మాకు తిరిగి యిత్తువా? పనియెఱిగిన మెకానిక్కు ఈ ప్రశ్నలకు కోపగింపడు, సంతోషించును. కోపగించువానికి బండి నిచ్చుట మంచిది గాదు. వాని సమాధానములను తేదీతో సహా ఒక కాగితముపై వ్రాసి, కారు కాగితములతో నుంచుడు. రెండేండ్ల తరువాత ద్రవము మార్చు దినమును ఆ కాగితమే గుర్తుచేయును.

పని ముగిసినవెంటనే కొండకు పోరాదు. మొదట సమతలమున, జనసంచారము లేనిచోట, మెల్లగా నడిపి ఆపి చూడవలెను. క్రొత్త లైనింగు డ్రమ్మునకు అమరుటకు కొన్ని దినముల తిరుగుడు పట్టును. ఒక వారము ఊరిలో తిరిగినపిమ్మట షూల ఎడమును మరల సరిచేయించి, చక్రముల లోపలిప్రక్క తడి యేమైన కలదేమో చూపించి, తొట్టిలో ద్రవపు మట్టము గుర్తుగీతకడ నిలిచియున్నదని మీ కంట చూచిన తరువాతనే పిల్లల బట్టలు సర్దుడు.